కాటన్ దొర, ఆయన కాలువలు, మా తాతయ్య పడవ



ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం గురించి వ్రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. నాకు తెలిసిన సంగతి కాలువ ఒక్కటే. 1968లో ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 2004లో పదవీ విరమణ చేసే దాకా సాగరు ఎడమ కాలువ గట్ల మీదే తిరిగాను. కాబట్టి కాటన్ దొర గురించి వ్రాస్తున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి అన్నం పెట్టిన మహానుభావుడని అందరికీ తెలిసిన కథే. నేను వ్రాయదలచుకున్నది ఆయన జీవితంలో అంతగా ఎవరూ చెప్పుకోని భాగం. ఆ దొర దృష్టిలో కాలువ అంటే పొలానికి నీరు మాత్రమే కాదు, సరుకు నడిచే దారి కూడా. ఆ దారి వెడల్పు, లోతు ఎంత అన్నదాని మీదనే ఆయన కల సగం నెరవేరి సగం ఆగిపోయింది.

ముందుగా మా తాతయ్య సంగతి చెప్పాలి. మా అమ్మగారి పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గర, ఏలూరు కాలువ ఒడ్డున. తాతయ్యకు ధాన్యం తోలే పడవ ఒకటి ఉండేది. అప్పు చేసి కొత్త పడవ కట్టించేటప్పుడు ఆయనకొక ఆలోచన వచ్చింది. లాకు వెడల్పు ఇంత అని నిర్ణయమై ఉంది గనుక పడవ వెడల్పు పెంచడం కుదరదు. అందుకని ప్రక్క బల్లలు ఎత్తుగా వేయించి, పడవ లోతు పెంచి, నాలుగు వందల బస్తాలు పట్టే చోట ఐదు వందలు పట్టేలా చేయించారు. కాలువ నిండుగా పారే రోజుల్లో పడవ బాగానే నడిచింది. రెండు మూడు ట్రిప్పులు లాభం కూడా వచ్చింది. వేసవి మొదట్లో కాలువలో నీరు కాస్త తగ్గింది. నిండు బరువుతో వచ్చిన పడవ లాకులోకి దూరుతూ దూరుతూ అడుగున ఉన్న రాతి గడప మీద కూర్చుంది. ముందుకు కదలదు, వెనక్కు రాదు. వెనక పడవలు బారులు తీరాయి. రాత్రంతా పెట్రోమాక్సు లైట్లు పెట్టి బస్తాలు గట్టుకు దించితే గాని పడవ తేలలేదు. తడిసిన బస్తాలకు మిల్లులో ధర కోసేశారు. తప్పు పూర్తిగా తాతయ్యదే, ఆయన కూడా మరెవరినీ అనలేదు. మా అమ్మ పెళ్ళి మాత్రం ఆ ఏడు జరగవలసింది మరుసటి ఏటికి వాయిదా పడింది. నేను పుట్టక మునుపటి ఈ సంగతి మా అమ్మమ్మ చెప్పగా ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఇక దొర గారి చరిత్ర. ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. తండ్రికి పదో కొడుకు. పదిహేనో ఏట ఆడిస్కోంబులోని కంపెనీ వారి సైనిక పాఠశాలలో చేరి, ఇంజనీరింగు చదివి, 1821లో మద్రాసు వచ్చారు. వచ్చిన మరుసటి ఏడు ఆయనకు అప్పగించిన పనులలో ఒకటి పాంబన్ జలసంధి సర్వే. రామేశ్వరానికీ భారత భూభాగానికీ నడుమ ఉన్న ఆ సన్నని దారిలో లోతు తక్కువ. చిన్న పడవలు మాత్రమే పోగలిగేవి, పెద్ద ఓడలు సింహళాన్ని చుట్టి రావలసిందే. పందొమ్మిదేళ్ళ కుర్రవాడికి తొలి పాఠం అక్కడే దొరికిందని నేననుకుంటాను. సముద్రం ఎంత పెద్దదైతే ఏం, దారిలో అతి ఇరుకైన చోటును బట్టే ఓడ కొలత ఉంటుంది.

తరువాత తంజావూరు. కావేరి చీలికైన కొల్లడం మీద 1836లో ఆయన ఆనకట్టలు కట్టారు. ఇసుక మీద రాయి పేర్చి నదిని నిలబెట్టడం ఎట్లాగో పూర్వం చోళులు కట్టిన కల్లణై చూసి నేర్చుకున్నారు. మన పూర్వుల పనిని చూసి నేర్చుకోవడానికి నామోషీ పడని దొర ఆయన. నా మట్టుకు నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చిన గుణం అదే.

గోదావరి జిల్లాల సంగతి అప్పటికి దయనీయంగా ఉండేది. 1833 కరువు, 1839లో కోరింగ ఉప్పెన, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ. పక్కనే నది నిండుగా పారి సముద్రంలో కలిసిపోతుంటే జనం తిండి లేక వలసపోయారు. కాటన్ నివేదిక మీద కంపెనీ వారు అనుమతి ఇచ్చాక 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, నడుమ లంకలతో కట్టిన కట్ట అది. పనివాళ్ళను సమకూర్చడంలో వీణెం వీరన్న గారు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. ఎండదెబ్బకు దొర మంచాన పడి సెలవు పెట్టవలసి వచ్చినప్పుడు కూడా పని ఆగలేదు. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఆ పని చేయించినది కెప్టెన్ ఓర్.

ఇక్కడి నుంచి కాలువ సంగతి. కాటన్ డెల్టా కాలువలు తవ్వించినప్పుడు వాటిలో చాలా భాగం పడవలు నడిచేటట్లుగా తవ్వించారు. గోదావరి డెల్టాలో సుమారు 490 మైళ్ళ పొడవున పడవలు నడిచేవి. కాకినాడ నుంచి ధవళేశ్వరం, అక్కడ నదిని దాటి విజ్జేశ్వరం నుంచి ఏలూరు, ఏలూరు నుంచి బెజవాడ, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా, ఆపైన మరక్కాణం దాకా ఒకే నీటిదారి ఏర్పడింది. బకింగ్‌హాం కాలువ 1806లో చిన్నగా మొదలై, 1876–78 ధాత కరువులో కూలి పనుల క్రింద మద్రాసు లోపలి ముక్క తవ్వాక, ఆనాటి గవర్నరు పేరు పెట్టుకుంది.

కాలువ పల్లానికి పోతుంది. నీరు వేగంగా పారితే గట్లు కోసుకుపోతాయి, ఎదురు పోయే పడవను లాగలేరు. అందుకని కొంత దూరం దాదాపు సమంగా తవ్వి, ఒకచోట మెట్టు దించుతారు. ఆ మెట్టు దగ్గర పడవ కోసం లాకు ఉంటుంది. రెండు జతల తలుపులు, నడుమ రాతి తొట్టి. పడవ తొట్టిలోకి వచ్చాక వెనుక తలుపు మూసి, నీరు నింపితే పడవ లేస్తుంది, వదిలితే దిగుతుంది. మన కుటుంబాల్లోని పిల్లలకు ఇది తెలియదు గనుక వివరంగా వ్రాశాను, పెద్దలు మన్నించాలి.

పడవ కొలత లాకు కొలతను మించరాదు. పొడవు తొట్టిని బట్టి, వెడల్పు తలుపుల సందును బట్టి, నీట మునిగే లోతు గడప మీద నిలిచే నీటిని బట్టి. అరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, మూడడుగుల మునక ఉన్న పడవను లెక్కకు తీసుకుందాం. మూలలు గుండ్రంగా ఉంటాయి గనుక పదింట ఏడు వంతులు వేసుకుంటే సుమారు 1500 ఘనపుటడుగుల నీటిని అది ప్రక్కకు నెడుతుంది, అంటే 42 టన్నులు. పడవ బరువు 12 టన్నులు తీసివేస్తే సరుకు 30 టన్నులు, అంటే 75 కిలోల బస్తాలు నాలుగు వందలు. ఇప్పుడు నీరు ఒక్క అడుగు తగ్గి మునక రెండడుగులే అయితే మిగిలే సరుకు 16 టన్నులు. మూడో వంతు నీరు తగ్గితే సరుకు దాదాపు సగం పోయింది. పడవ బరువు తగ్గదు గదా. మా తాతయ్య ఈ లెక్క వెయ్యలేదు.

అదే పొడవు, వెడల్పు, మునక మూడింటినీ రెండింతలు చేస్తే పడవ నెట్టే నీరు రెండింతలు కాదు, ఎనిమిదింతలు. 42 టన్నుల చోట 340. పడవ మీది మనుషులు మాత్రం ఎనిమిదింతలు అక్కరలేదు. నీటి రవాణా చవక కావడానికి కారణం ఈ లెక్కే. కాని ఆ పెద్ద పడవ పోవాలంటే దారి పొడవునా ప్రతి లాకూ, ప్రతి వంతెనా, ప్రతి మలుపూ పెద్దవి కావాలి. నూరు లాకులలో తొంభైతొమ్మిది వెడల్పు చేసి ఒకటి వదిలేస్తే ఆ ఒక్కటే అన్ని పడవల కొలతనూ నిర్ణయిస్తుంది.

కాటన్‌కు ఇది తెలియక కాదు. 1860లలో గంగా కాలువ కట్టిన ప్రోబీ కాట్లీ గారితో ఆయనకు పెద్ద వాదం జరిగింది. ఆ కాలువ వాలు ఎక్కువైందనీ, నీటి ఉరవడి వల్ల పడవలు ఎదురెక్కలేవనీ కాటన్ అభ్యంతరం. లండన్ పత్రికలదాకా వెళ్ళిన ఆ తగవులో ఇద్దరూ పరుషంగానే వ్రాసుకున్నారు. వాలు విషయంలో కాటన్ చెప్పింది సరైనదే. కాని సమతలంగా ఉన్న డెల్టాలో సులువుగా పొసగిన పని మెట్ట ప్రాంతాల్లోనూ పొసగుతుందని ఆయన నమ్మారు. ఇక్కడ నేను దొర గారితో ఏకీభవించలేను. మన ఎడమ కాలువ చూడండి. గుట్టను చుట్టి, వాగు మీద అక్విడక్టు వేసి, ఎత్తును కాపాడుకుంటూ వంకర టింకరగా పోతుంది. అందులో పడవ నడపాలంటే ఎన్ని కట్టడాలు మార్చాలో, అక్కడ ముప్పయ్యారేళ్ళు గేజి చూసిన వాడిగా నాకు తెలుసు.

కాటన్ ఆలోచనల మీద నడిచిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863 నుంచి 1870 వరకు కర్నూలు–కడప కాలువ తవ్వింది. సాగుకూ పడవలకూ కలిపి తవ్విన కాలువ అది. సుంకేశుల నుంచి కొండల నడుమ దించుకుంటూ వెళ్ళడానికి లాకుల మీద లాకులు కట్టవలసి వచ్చింది. నల్లరేగడి రైతులు నీరు తీసుకోలేదు, పడవలకు సరుకు రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కొనుక్కోవలసి వచ్చింది. మన తెలంగాణలో దుమ్ముగూడెం ఆనకట్ట ఉన్నది. అది గోదావరి ఎగువన నాగపూరు, బీరారు ప్రత్తిని పడవల మీద కాకినాడ రేవుకు తేవాలన్న పథకంలో భాగం. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు ఉన్నాయి. వాటిని దాటడానికి కట్టలు, లాకులు మొదలుపెట్టి, ఎంతో ఖర్చయ్యాక 1871లో విరమించారు. అప్పటికే 1867లో నాగపూరుకు రైలు వచ్చేసింది.

రైలే కాటన్‌కు జీవితాంతం ప్రత్యర్థి. రైలు కంపెనీలకు నూటికి అయిదు వడ్డీ ప్రభుత్వం హామీ ఇచ్చింది. నష్టం వచ్చినా ఆ వడ్డీ మన ప్రజల పన్నుల్లోంచి పోయేది. ఆ సొమ్ముతో పెద్ద కాలువలు తవ్వితే సరుకు చవకగా నడుస్తుంది, పొలాలూ పండుతాయని కాటన్ వాదన. 1860లో ఇండియా వదిలి వెళ్ళి, 1861లో సర్ బిరుదు పొందాక కూడా ఆయన ఊరుకోలేదు. కలకత్తా నుంచి గంగ మీదుగా సింధు దిగి కరాచీకి, కాకినాడ నుంచి గోదావరి ఎక్కి తపతి దిగి సూరత్‌కు, తుంగభద్ర మీదుగా కార్వారుకు నీటిదారులు వెయ్యాలని పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యమిచ్చారు. 1878లో మరోసారి సంఘం ముందుకు వెళ్ళేనాటికి ఆయన వయస్సు డెబ్బయ్యయిదు. సంఘం ఆయన మాట వినలేదు. మనలో పింఛను ఫైళ్ళు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన వారికి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. రైలుకు ఒక సుగుణం ఉంది. ఏడాది పొడవునా నడుస్తుంది. కాలువను వేసవిలో మరమ్మతులకు కట్టేస్తారు. ఆ రోజుల్లో పడవ గట్టున ఉండవలసిందే, కూలీ పస్తులుండవలసిందే. వరికి నీరు కావలసిన వేళలూ పడవకు నీరు కావలసిన వేళలూ ఒకటి కావు. ఈ ఇద్దరు యజమానులకూ ఒకే కాలువ ఊడిగం చెయ్యాలి. తగాదా వచ్చినప్పుడల్లా వరి నెగ్గేది, నెగ్గవలసిందే.

పదవీ విరమణ తరువాత కాటన్ ఇంగ్లండులో డార్కింగ్ అనే ఊళ్ళో స్థిరపడి, లోతు దుక్కితో గోధుమ పండించే ప్రయోగాలు చేస్తూ గడిపారు. 1899 జూలై 24న తొంభై ఆరో ఏట కాలం చేశారు. మరుసటి ఏడే, 1900లో, ధవళేశ్వరానికి కాస్త ఎగువన రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ రైలు వంతెన తెరిచారు.

అయినా పడవలు వెంటనే పోలేదు. 1950లలో సెలవులకు అమ్మమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు నేనే చూశాను. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టున ఇద్దరు మనుషులు భుజాన తాడు వేసుకుని వంగి నడిచేవారు. ధాన్యం, ఉప్పు, కొబ్బరి, కలప, సున్నం అన్నీ పడవల మీదే. లాకు దగ్గర పడవలు ఆగితే గట్టు మీద వంటలు వండుకునేవారు. తరువాత లారీలు వచ్చాయి. లారీ పది టన్నులే మోస్తుంది, కాని కళ్ళం దగ్గరకే వస్తుంది. లాకులు చిన్నవి గనుక పడవ పెరగలేదు, పడవ పెరగలేదు గనుక లారీతో పోటీ పడలేకపోయింది. పడవలు పోయాక లాకులను పెద్దవి చేయవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు.

ఈ ఇబ్బంది మన పల్లె కాలువలదే అనుకోకండి. 1914లో తెరిచిన పనామా కాలువ లాకులు 110 అడుగుల వెడల్పు, 1000 అడుగుల పొడవు. దానితో ప్రపంచమంతటా ఓడలు కట్టేవారు 106 అడుగుల వెడల్పు, 965 అడుగుల పొడవు అనే గిరి గీసుకుని దశాబ్దాల పాటు ఓడలు కట్టారు. 2016లో 180 అడుగుల వెడల్పు, 1400 అడుగుల పొడవుతో కొత్త లాకులు కట్టాక గాని ఆ గిరి దాటలేదు. అక్కడ ఒక ఓడ దాటితే సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీరు సముద్రం పాలవుతుంది. మన డెల్టా లాకు నుంచి వదిలిన నీరు దిగువ పొలానికే పోతుంది, ఆ విషయంలో కాటన్ కాలువ మెరుగు. 2023లో అక్కడ వానలు లేక చెరువు మట్టం తగ్గితే, 50 అడుగుల మునకతో పోయే ఓడలను 44 అడుగులకు తగ్గించుకోమన్నారు. పెద్ద ఓడల వాళ్ళు పెట్టెలు తగ్గించుకుని దాటారు. 1869లో తెరిచిన సూయజ్ కాలువకు లాకులే లేవు, అయినా ఒడ్డు ఉంది గదా. 2021 మార్చి 23న 400 మీటర్ల పొడవున్న ఎవర్ గివెన్ అనే ఓడ అడ్డం తిరిగి ఒడ్డున దిగబడి ఆరు రోజులు దారి మూసింది. టీవీలో అది చూస్తూ మా ఆవిడ, ఇది మీ తాతయ్య పడవే గదండీ అని నవ్వింది.

మళ్ళీ మన ఊరి దగ్గరకు వస్తాను. 2008లో కేంద్ర ప్రభుత్వం కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరిలో భద్రాచలం–రాజమండ్రి ముక్కను, కృష్ణలో వజీరాబాద్–విజయవాడ ముక్కను కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. మొత్తం 1078 కిలోమీటర్లు. అందులో కృష్ణ ముక్క 157 కిలోమీటర్లు, అది మన మేళ్లచెరువు దాపునే పోతుంది. వజీరాబాద్ మన మిర్యాలగూడ వైపుది. నడుమ వజినేపల్లి దగ్గర 2013లో పూర్తయిన పులిచింతల కట్ట ఉంది. 2017 అక్టోబరులో మొదటి దశకు శంకుస్థాపన చేసినప్పుడు తీసుకున్నది ఆ కట్టకు దిగువన ముక్త్యాల నుంచి విజయవాడ వరకు 82 కిలోమీటర్లు. మన చుట్టూ సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, వాటి సరుకు లారీల మీద, గూడ్సు బండ్ల మీద పోతుంది. నదిలో వెడల్పుకు లోటు లేదు, పెద్ద బార్జీలు తిరగవచ్చు. విజయవాడ దాటి ఏలూరు కాలువలోకి దిగితే మాత్రం పాత కొలతలే ఎదురవుతాయి. రెండు గట్ల మీదా ఇళ్ళు, రోడ్లు, తక్కువ ఎత్తు వంతెనలు వచ్చేశాయి. కాటన్ నాటికి ఖాళీ నేల ఉండేది, ఒక పది అడుగులు ఎక్కువ తవ్వడం ఆనాడు పెద్ద పని కాదు. ఇప్పుడు ఆ పది అడుగులలో ఎవరిదో ఇల్లు ఉంది.

క్రితం ఏడు మా అమ్మాయి కుటుంబంతో ధవళేశ్వరం వెళ్ళాను. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీకి దొర పేరే పెట్టారు, దగ్గరలో ఆయన మ్యూజియం ఉంది. గోదావరి వాళ్ళు ఇంకా ఆయన్ను సంకల్పంలో తలచుకుంటారని విన్నాను. మ్యూజియం చూశాక లాకుల దగ్గరకు నడిచాము. నేను గడప ఎక్కడుంటుందో మనవడికి చూపించబోతే నీళ్ళు నిండుగా ఉండి కనిపించలేదు. వాడు లాకు వెడల్పు ఎంతో అడుగులు వేసి కొలుస్తానని తలుపు మీది చెక్క దారి ఎక్కబోయాడు. వాళ్ళమ్మ కేకలు వేస్తే దిగి వచ్చి, తాతయ్యా, మీ తాతయ్య పడవ దీంట్లో పట్టేదా అని అడిగాడు. పట్టేది, వానాకాలంలో అయితే అని చెప్పాను.